అత్తగారి మంచితనం

మా గుర్రపుశాలలో ఉన్న ముసలి ఆడగుర్రాన్ని అందరం అత్తగారు అనే పిలుస్తాం. ముక్కుమీదే కోపం. జీను వేసి పొట్టకింద పట్టీ బిగించేటప్పుడు ఏదో ఒక వంక పెట్టాల్సిందే. చెవులు వెనక్కి వాల్చేది, మెడ తిప్పి నా చొక్కా చెయ్యి పళ్ళతో పట్టి లాగేది. పిల్లలు ఎక్కాక మాత్రం నిండు కుండ మోస్తున్నట్టు నడిచేది. నడక రానివాళ్ళు, మాట రానివాళ్ళు, వారానికి నలభైమంది. గుర్రం మీద కూర్చుంటే నడుముకి బలం వస్తుందని డాక్టర్లు పంపుతారు.

కొరికే గుర్రం పిల్లల దగ్గర పనికిరాదన్నాడు మేనేజరు. మాన్పించే పని నేనే నెత్తినేసుకున్నాను. మెడ తిప్పినప్పుడల్లా ముక్కు మీద ఒకటి తగిలించాను. గట్టిగా కాదుగానీ, ఒక్కసారీ వదలకుండా. మూడు నెలల్లో దారికొచ్చింది. ఎంత బిగించినా గోడకేసి చూస్తూ నిలబడేది. అత్తగారు మంచిదైపోయిందని అందరూ నవ్వారు, నేను కాలరెగరేశాను. పేచీ పెట్టదు కదా అని ఇంకో పదిమంది పిల్లల్ని దానికే అప్పగించారు.

మొదటినుంచీ దాన్నే ఎక్కేవాళ్ళలో మాట రాని ఆరేళ్ళ పాప ఒకతె ఉంది. ఇంకే గుర్రం మీదా కూర్చోదు. అత్తగారి మీద మాత్రం అరగంటసేపు తల నిలబెట్టి కూర్చునేది. ఒక గురువారం నేను జీను వేస్తుంటే వాళ్ళమ్మ పక్కనే నిలబడి చూసింది. ఇదివరకు మిమ్మల్ని కొరికేది కదా అని అడిగింది. మాన్పించానని గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"మా పాప కూడా చెయ్యి కొరుక్కునేది, అన్నా. నేనే మాన్పించి, హమ్మయ్య అనుకున్నా. తీరా చూస్తే చెవిలో చీము. నెలరోజులు ఓర్చుకుంది. చెప్పడానికి దానికున్నది అదొక్కటే. అదీ నేనే లాగేసుకున్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. జీను దించి, వెన్ను పొడుగునా వేళ్ళతో నొక్కి చూశాను. నడుం దగ్గర చర్మం వణికింది. మెడ మాత్రం తిప్పలేదు. కొడతానని భయం.

జీను కింది మెత్త అరిగిపోయి కండ ఒరుసుకుపోయిందనీ, మూడు నెలలు వీపు మీద ఏమీ పెట్టొద్దనీ పశువుల డాక్టరు చెప్పాడు. ఇంతమంది పిల్లల్ని ఏం చెయ్యమంటావని మేనేజరు నామీద లేచాడు. అదీ నిజమే. పాపకి ఇక మూడు నెలలు స్వారీ లేదని వాళ్ళమ్మకి నేనే చెప్పాను. ఆవిడ తలూపింది. అయినా రావడం మానలేదు, పాపను కంచె దగ్గర కూర్చోబెట్టుకుని అత్తగారిని చూపించేది.

గడువు తీరాక కొత్త మెత్త వేసి పట్టీ బిగించాను. గోడకేసే చూసింది. మేనేజరు బాగుందన్నాడు, నేను నమ్మలేదు. రెండోరోజు ఒక చెవి కాస్త వెనక్కి వాలింది. చెప్తే వింటానని దానికి తెలియాలని వెంటనే పట్టీ వదిలేసి జీను దించాను. మూడోరోజూ అంతే చేశాను. గురువారం పట్టీ పట్టుకున్నానో లేదో, నా చొక్కా చెయ్యి పర్రున చిరిగింది.

ఏడుపొచ్చింది నాకు. పాపని ఎక్కించమని బయటినుంచి మేనేజరు కేకేశాడు. వెళ్ళి చిరిగిన చెయ్యి చూపించాను.

"ఇవాళ అత్తగారు వద్దంటున్నారండీ."

పాప వాళ్ళమ్మ నవ్వింది. పాపను ఎత్తుకుని కంచె దగ్గరికి వెళ్ళి కూర్చుంది.