ఖాళీ తూటా

"అమ్మా, ఈ ఒక్కరోజు నువ్వు కారులోనే ఉండవూ?" అంది పిచ్చుక, పిస్టల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని.

పిచ్చుకంటే ఆ అమ్మ కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని పెట్టిన ముద్దుపేరు, ఇరవయ్యేళ్ళొచ్చినా వదల్లేదు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. జూనియర్ షూటింగ్ జట్టులోకి రావాలంటే ఇవాళ్టి ఎంపిక పోటీయే ఆఖరు.

అమ్మకు మనసు చివుక్కుమంది. పిస్టల్ పట్టుకోవడం నేర్పిందే తను. హాల్లో గోడకి నల్ల చుక్క అంటించి, ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కించిందీ తనే. గురి సాధన చేసే రేంజికెళ్తే అసలు తూటాల మధ్య ఎక్కడో ఒక మందులేని ఖాళీ తూటా కలిపి పిస్టల్ మ్యాగజైన్ నింపి ఇచ్చేది. ఏది ఖాళీదో కాల్చే మనిషికి తెలియదు. అది పేలనప్పుడు పిస్టల్ కదలకుండా ఉందా, చెయ్యి కుదిరినట్టు. గొట్టం కిందికి వాలిందా, చప్పుడుకి ముందే జడుస్తున్నట్టు. పిచ్చుకది ప్రతిసారీ వాలేది. చెవులకి మూతలుంటాయి, అరిచినా వినపడదు. అందుకని అమ్మ వెనకనుంచి భుజం మీద ఒక్కటి చరిచేది.

కిందటి వారం ఫోనొచ్చి ఆమె బయటికెళ్తే, రేంజి మాస్టారే ఖాళీ తూటా కలిపి మ్యాగజైన్ నింపారు. తిరిగొచ్చేసరికి ఆయన ముసిముసిగా నవ్వుతున్నారు.

"మీ పిల్ల చెయ్యి బండరాయిలా ఉందమ్మా. అది జడిసేది తూటాకి కాదు, మీ దెబ్బకి!"

"చాల్లెండి మాస్టారూ, నేనేమన్నా దెయ్యాన్నా?" అని నవ్వేసింది గానీ, ఆ మాట లోపలెక్కడో గుచ్చుకునే ఉంది.

"సరే మహారాణీ, ఇక్కడే పడుంటాలే," అంది ఇప్పుడు.

ఉంది కూడా, కాసేపు. తర్వాత ప్రాణం ఆగలేదు. ఒక్కసారి తొంగిచూసొస్తే కొంపేం మునుగుతుందనుకుని లోపలికెళ్ళి, వెనక స్తంభం చాటున నిలబడింది. పిచ్చుక మొదటి విడత తూటాలన్నీ నల్ల వలయం మధ్యలో గుత్తిగా పడ్డాయి. "నా తల్లే!" అనుకుంటూ, ఆ సంతోషంలో స్తంభం దాటి ముందుకొచ్చేసింది. సరిగ్గా అప్పుడే పిచ్చుక నీళ్ళ సీసా కోసం వెనక్కి తిరిగింది.

చూసింది. మళ్ళీ అటు తిరిగింది. పిస్టల్ ఎత్తుతుంటే భుజం చెవిదాకా ముడుచుకుపోయింది. అంతదూరం నుంచి అమ్మ చెయ్యి తగలదని దానికీ తెలుసు, భుజానికి తెలియదు. తూటాలు ఒకదాని వెనక ఒకటి వలయం కిందికి జారాయి.

అమ్మ గబగబా బయటికొచ్చేసింది. కానీ పిచ్చుక మళ్ళీ వెనక్కి చూస్తే కదా, వెళ్ళిపోయిందని తెలిసేది!

జట్టులో పేరు రాలేదు. ఇద్దరూ కారెక్కారు.

"చూడాలనిపించిందే," అంది అమ్మ.

"నాకూ నీకు చూపించాలనే ఉండేదమ్మా." పిచ్చుక సీటు బెల్టు సర్దుకుంది. "వచ్చే వారం నుంచి రేంజికి నేను బస్సులో వెళ్తాలే. నీకెందుకు ఈ తిరుగుడు."

గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే, అమ్మ ఎలాగో బతిమాలుకునేది.