తొమ్మిదీ అయిదుకి ఊడిపోయే డ్రైవ్

సోమవారం అమ్మాయి ఆ నల్లటి డబ్బాని ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ తల్లి మనసు మనసులో లేదు. అరచేతిలో పట్టేంత డబ్బా. దాని పేరు డ్రైవ్ అట. తీగతో కంప్యూటర్‌కి తగిలిస్తారట. ఏ వీధి కింద ఏ నీళ్ల పైపు పోతోందో చూపించే పాత కాగితాలు నాలుగొందలు స్కాన్ చేసి, అమ్మాయి అందులో పెట్టుకుంది. వాటన్నిటినీ అతికించి ఒకే పెద్ద పటంగా చేసి, వచ్చే సోమవారం పొద్దున్నే నీటి సరఫరా ఆఫీసులో ఇవ్వాలి. పగలు ఉద్యోగం చేసుకుంటూ, పైన సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది.

"ఇంత డబ్బాలో ఊరు ఊరంతా పెట్టావా? కింద పడితే?" అంది తల్లి.

"పడదమ్మా."

"కరెంటు ఎక్కువై కాలిపోతే?"

"కాలదమ్మా. నువ్వు దానివైపు అలా చూడకు, అదే హడిలి చచ్చేట్టుంది."

గడియారాలు బాగుచేసే తండ్రి కంటికున్న భూతద్దం తియ్యకుండానే నవ్వాడు. "మీ అమ్మ సంగతి తెలీదా అమ్మడూ? మా పెళ్లిలో ఫొటోలు తీసేవాడు కాస్త నవ్వండమ్మా అంటే, ఎందుకు, ఏమైంది అని అడిగింది."

ఆయనకేం, ఎన్నయినా అంటాడు. పక్కవాటా వాళ్ల టీవీ పట్టపగలు ఠప్పుమని పేలినప్పుడు ఆయన దుకాణంలో ఉన్నాడు, చూసింది తల్లి. అప్పట్నుంచీ రాత్రి మెయిన్ స్విచ్ కట్టేస్తే గానీ ఆమెకి కన్ను మూతపడదు. అందుకే అమ్మాయి పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు పటాలు అతికించే పని మొదలుపెట్టి, కంప్యూటర్‌ని అలాగే వదిలి వెళ్తుంది. ఎనిమిది గంటలు కదపకుండా ఉంటే చాలట, సాయంత్రానికి అయిపోతుందట.

మనిషి లేని గదిలో, డబ్బా మీది నీలం దీపం ఎగశ్వాస తీస్తున్నట్టు కొట్టుకుంటూ ఉంటే తల్లి ప్రాణం ఎలా ఊరుకుంటుంది? అమ్మాయి గేటు వేసిందో లేదో, ఈవిడ వెళ్లి తీగని చటుక్కున పీకేది. డబ్బాని మెత్తటి నూలుగుడ్డలో చుట్టి బీరువాలో దుప్పట్ల మధ్య పడుకోబెట్టేది. ఆరింటికి అమ్మాయి వస్తుందనగా మళ్లీ తెచ్చి తగిలించేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేసిన మేలు చాటుకోవడం దేనికని.

సాయంత్రాలు అమ్మాయి గదిలోంచి ఉసూరుమనడాలు మొదలయ్యాయి.

"నాలుగు కాగితాలు అతికించి ఆగిపోయింది నాన్నా. ఫోల్డర్ నొక్కితే తెరుచుకోదు. పొద్దున 'బి' పేరుతో ఉన్న డ్రైవ్, సాయంత్రానికి 'సి' అయి కూర్చుంటోంది."

"పేర్లు మార్చుకుని తిరుగుతోందంటే ఎక్కడో ఏదో చేసొచ్చిందన్నమాటే," అన్నాడు తండ్రి.

అమ్మాయి కేబుల్ మార్చింది. ముందున్న రంధ్రంలోంచి తీసి వెనకాల రంధ్రంలో పెట్టింది. తన కంప్యూటర్‌ని నడిపే లినక్స్ వాడేవాళ్ల సలహాలన్నీ చదివి, డ్రైవ్‌ని మళ్లీ మళ్లీ మౌంట్ చేసింది. మౌంట్ అంటే కంప్యూటర్ ఆ డబ్బాని తనలో కలుపుకోవడమట. కలుపుకున్నది కలుపుకున్నట్టే ఉండి, మర్నాటికి మళ్లీ మొదటికొచ్చేది. అన్నం కూడా కంప్యూటర్ ముందే, అదీ సగం వదిలేసేది.

తల్లికి అర్థమైపోయింది, డబ్బాకి జబ్బు చేసిందని. మర్నాటి నుంచి నూలుగుడ్డ రెండు మడతలు చుట్టింది. పటం లేకపోతే ఊళ్లో నీళ్లు ఆగిపోతాయేమో, జనం బిందెలు పట్టుకుని ఇంటి మీదికొస్తారేమో అన్న ఆలోచన వచ్చి, శుక్రవారం నుంచి పెద్ద గంగాళం నిండా నీళ్లు పట్టి ఉంచింది కూడా.

ఆదివారం పొద్దున అమ్మాయి హాల్లోకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీటి సరఫరా ఆఫీసులో పని ఇచ్చిన మేడమ్‌కి ఫోన్ చేసి నా వల్ల కాదని చెప్పేస్తాను నాన్నా. ఇంకెవరికైనా ఇచ్చుకుంటారు. ఈ డ్రైవ్‌ని నమ్మి ఆవిడ పరువు తియ్యలేను."

"రోగం తెలీకుండా శవాన్ని ఎత్తేస్తావా?" అన్నాడు తండ్రి. "ఇలాంటివి ఎక్కడో రాసుకుంటుందన్నావుగా కంప్యూటర్?"

"చిట్టా ఉంటుంది. చివరి నాలుగు లైన్లే చూశాను ఇప్పటిదాకా."

"వారం మొత్తం చదువు. ఏం జరిగిందో తెలిసి మానుకో."

తల్లి వంటింటి గుమ్మంలో బఠాణీలు ఒలుస్తోంది. కంప్యూటర్ చిట్టా రాస్తుందని ఆమెకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"మంగళవారం. తొమ్మిదీ అయిదుకి డ్రైవ్ ఊడింది. సాయంత్రం అయిదూ నలభై అయిదుకి తగిలింది," అమ్మాయి గదిలోంచి చదువుతోంది. "బుధవారం ఊడింది పదకొండూ అయిదుకి..."

"బుధవారం నువ్వు ఆలస్యంగా వెళ్లావు కదూ?"

"అవును, పదకొండింటికి. గురువారం మళ్లీ తొమ్మిదీ అయిదు. శుక్రవారం, శనివారం కూడా అంతే."

"అబ్బ! నా దుకాణంలో గడియారాలు కూడా ఇంత ఠంచనుగా నడవవు. ఎంత మర్యాదగల డబ్బా అమ్మడూ! నిన్ను వీధిదాకా సాగనంపి గానీ నడుం వాల్చడం లేదు."

"వేళాకోళం కాదు నాన్నా. ఆ టైముకి ఓల్టేజీ పడిపోతోందేమో. ఇక నాకు ఓపిక లేదు." ఫోన్ తీసి నంబరు నొక్కసాగింది.

తండ్రి గుమ్మంకేసి తిరిగాడు. "ఏమేవ్, తొమ్మిదీ అయిదుకి మనింట్లో ఏం పడిపోతుందంటావ్?"

తల్లి చేతిలో బఠాణీకాయ జారిపోయింది. గబగబా గదిలోకి వెళ్లి అమ్మాయి చేతిలో ఫోన్ లాక్కుని కొంగులో దాచేసింది.

"నేనే తల్లీ. నేనే పీకాను. కాలిపోతుందేమోనని..."

అమ్మాయి ఆమెకేసి తిరిగింది. "రోజూనా?"

"రోజూ. దుప్పట్ల మధ్య భద్రంగానే పెట్టాను. ఒక్క దెబ్బ తగల్లేదు, నా మీద ఒట్టు."

"పని జరుగుతుంటే లాగేశావా అమ్మా! వారం రోజులు నేను తిండీ నిద్రా మానేసి చూస్తుంటే..." తల్లి తలెత్తలేదు. తప్పు తనదని ఒప్పుకోవడం కంటే, తనవల్ల బిడ్డ కళ్లు ఎర్రబడ్డాయన్నది ఆమెని నలిపేసింది.

"పోయాయా? ఊరి పైపులన్నీ పోయాయా?"

అమ్మాయి డ్రైవ్‌ని విడిగా పెట్టి తనిఖీ నడిపించింది. పది నిమిషాలు. తల్లి పదిసార్లు అడిగింది. చివర్లో తెర మీది లైను చదివి కుర్చీలో వెనక్కి వాలింది.

"అన్నీ ఉన్నాయి. నీ దుప్పట్ల చలవ."

"నిజంగా?"

"ఉన్నాయన్నది నిజం. దుప్పట్లనే వెక్కిరించానమ్మా."

అప్పటికి తొమ్మిదిన్నర. మేడమ్‌కి ఫోన్ వెళ్లలేదు. పని మళ్లీ మొదలైంది. తల్లి గది గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ఎవరైనా గట్టిగా నడిస్తే కసిరింది. తండ్రి తుమ్మబోతే చేత్తో ఆపింది.

"నేను తుమ్మితే పైపులు పగులుతాయా?"

"ఏమో, ఎవరు చూశారు?"

ఆరు కావస్తుండగా తెర మీద పటం మొత్తం పరుచుకుంది. అమ్మాయి వాళ్ల వీధి వెతికి, గేటు ముందు నుంచి పోతున్న సన్నటి నీలం గీత చూపించింది. ఇక పొద్దున్నే నీటి సరఫరా ఆఫీసుకి పట్టుకెళ్లడానికి డ్రైవ్ తియ్యాలి.

"ఇలా రా అమ్మా. ముందు ఇది నొక్కాలి. అన్‌మౌంట్. లోపల రాస్తున్నది ముగించుకో, నేను తీస్తున్నాను అని చెప్పడం అన్నమాట. సరే అన్నాకే తియ్యాలి."

తల్లి చెయ్యి కొంగుకి తుడుచుకుని నొక్కింది. ఇప్పుడు తీసుకోవచ్చని తెర మీద వచ్చింది.

"ఊఁ, పీకు. నీకు అలవాటేగా!" అంది అమ్మాయి.

తల్లి తీగ దాకా చెయ్యి చాపింది. అడక్కుండా అయిదు రోజులు చటుక్కున లాగిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎందుకైనా మంచిది, ఇంకోసారి అడుగు తల్లీ."