ముప్పై ఒకటి

లింగమ్మ రెండు వేళ్లు ప్రెస్సు కింద పోయినప్పుడు నేను పక్క బల్ల దగ్గర ఆకురాయి పడుతున్నాను. ఆమె అరవలేదు. ప్రెస్సు చప్పుడు ఆగింది. అందుకే తలెత్తాను.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. తార్నాకలో కొండలరావు హార్మోనియం కార్ఖానా. ఇత్తడి రేకును ప్రెస్సు కొడితే రీడ్లు పడతాయి. గాలి తగిలితే పలికేవి అవే. వాటిని గీకి శ్రుతికి తేవడం నా పని, సామేలు పని. ప్రెస్సు లోపలికి చేతులు పోకుండా ఇనుప గార్డు ఉండేది. దానివల్ల పని నెమ్మదిస్తోందని ఇంజనీరు పార్థసారథి నెల కిందటే విప్పించాడు. విప్పమని చీటీ రాసిచ్చాడు. గోడ మీద సుద్దతో తానే రాశాడు, గంటకు ఆరు వందల రీడ్లని.

గార్డు లింగమ్మే విప్పుకుందని కొండలరావు ఆమెను తీసేశాడు. ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చేసరికి ఆమె సద్దిగిన్నె గేటు బయట పెట్టి ఉంది. ఆమెకు పని తిరిగి ఇవ్వాలి, గార్డు బిగించాలి. మేము అడిగింది అంతే.

పార్థసారథి మా మనిషనుకున్నాం. ఇక్కడి యూనివర్సిటీలోనే చదివాడు. మా బల్ల దగ్గర కూర్చుని ఆకురాయి పట్టడం నేర్చుకున్నాడు. వెంట్రుకవాసి శ్రుతి తప్పినా తల తిప్పేవాడు. మేము కొత్తవాణ్ణి పనిలోకి తీసుకునేటప్పుడు కులం అడగం, ఊరు అడగం. రెండు రీడ్లు మోగించి ఏది తప్పో చెప్పమంటాం. అపశ్రుతి ఓర్వని చెవి అబద్ధమూ ఓర్వదని మా నమ్మకం.

ఆ నమ్మకమే మా కొంప ముంచింది.

యూనివర్సిటీ హాస్టలు వెనక చెట్ల కింద విద్యార్థులు లింగమ్మ కోసం మీటింగు పెట్టారు. మేము అరవై మందిమి పోయాం. పార్థసారథి వచ్చి తప్పు తనదేనన్నాడు. ఫ్యాక్టరీల ఇన్స్పెక్టరు ముందు చెప్తానన్నాడు. మా దగ్గరున్న చీటీ, విప్పిన గార్డు తనకిస్తే సాక్ష్యంగా పెడతానన్నాడు. తిత్తులకు తోలు అతికే ప్రమీలమ్మ ఒక్కతే అడ్డం పడింది.

"ఇయ్యకుండ్రి. గాయిన కొండలరావు నౌకరే గదా. కుర్సీ పోతదంటే నోరు లేస్తదా?"

సామేలు నవ్వాడు. "నీకు శ్రుతి తెల్వదక్కా. గాయన చెవి జూసినవా?"

చీటీ సామేలు ఇచ్చాడు. గార్డు నేనే భుజాన మోసుకుపోయి హబ్సిగూడలో ఆయన ఇంటి ముందు దించాను. ఆయన నాకు మంచినీళ్లిచ్చాడు.

సోమవారం ఇన్స్పెక్టరు వచ్చాడు. లింగమ్మనూ పిలిచారు. ప్రెస్సుకు గార్డు బిగించి ఉంది, కొత్త రంగుతో. నేను మోసిందే. పార్థసారథి కాగితం తీసి చదివాడు. గార్డు ఎప్పుడూ ఉన్నదట. లింగమ్మే విప్పిందట. చీటీ ఏదీ తాను రాయలేదట. చదువుతున్నంతసేపూ మావైపు చూడలేదు. సామేలు చేతిలో ఆకురాయి కింద పడింది.

లింగమ్మ కట్టు చెయ్యి ఎత్తి గోడ చూపించింది. అక్షరాలు ఇంకా ఉన్నాయి. అవి తుడవడం మరిచారు.

"గంటకు ఆరు వందలని నువ్వే రాసినవు సారు. అయిదు నిమిషాలకు యాభై. గార్డు ఉండంగ నువ్వే కూసోని కొట్టు. యాభై పడితే తప్పు నాదే."

ఆయన తలుపు వైపు తిరిగాడు. ఎవరూ దారి ఇవ్వలేదు. తొందరగా కానిచ్చేయమని ఇన్స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. పార్థసారథి కూర్చున్నాడు.

ఒకటి అని ప్రమీలమ్మ లెక్కపెట్టింది. రెండుకు నలుగురు కలిశారు. పదికల్లా అరవై గొంతులు. ఆయన చొక్కా వీపుకు అంటుకుంది. అయిదు నిమిషాలు అయ్యేసరికి ముప్పై ఒకటి.

ఇన్స్పెక్టరు పుస్తకం తెరిచి, రాయాలని వచ్చిందే రాసుకుని పోయాడు. తప్పు లింగమ్మదేనని.

మేము పనిముట్లు బల్లల మీద పెట్టి బయటికి వచ్చాం. మర్నాటి నుంచి గేటు ముందు కూర్చున్నాం. విద్యార్థులూ వచ్చి కూర్చున్నారు. మాకు నినాదాలు రావు. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టి ఆగేవాళ్లం. మళ్లీ ఒకటి.

మూడోరోజు పోలీసులు తొమ్మిది మందిని వ్యానెక్కించారు. సామేలు నా పక్కన కూర్చున్నాడు. నావైపు వంగాడు.

"చెవి గాదన్నా. మనం జూడాల్సింది చెవి గాదు."

పిడికిలితో వ్యాను రేకు మీద కొట్టాడు. ఒకటి. నేను కొట్టాను. రెండు. బయట లింగమ్మ గొంతు మూడు అన్నది. వెనక రోడ్డంతా అందుకుంది.

కార్ఖానా మేడ మీద పార్థసారథి కిటికీ మూశాడు. మా లెక్క ఇంకా తొమ్మిది దగ్గరే ఉంది.