ఎనిమిది చుట్లు

కొరియాలోని ఇంచియాన్ రేవు దగ్గర ఆవిరి సిగరెట్ల కొట్టులో ముసలి కిసొక్ తను ఆవిరి పీల్చే గొట్టాన్ని బల్ల మీద పెట్టాడు.

"మాడు వాసనేస్తోందమ్మా. దూది మార్చు. లోపల వేడెక్కే తీగ జోలికి మాత్రం వెళ్ళకు."

కొట్టు నడిపే సుహ్యాంగ్ మూత విప్పి చూసి నవ్వింది. "ఇది తీగా బాబాయ్, మాడిన గిన్నె అడుగా? రెండు నిమిషాల్లో కొత్తది చుట్టిస్తాను."

"అది మీ పిన్ని చుట్టింది."

ఆమె నవ్వు ఆగిపోయింది.

కిసొక్ చేత పొగాకు సిగరెట్లు మాన్పించడానికి, బట్టలు కుట్టే అతని భార్య బోంగ్‌రే తన సూది మీదే ఆ తీగను ఎనిమిది చుట్లు చుట్టింది. చుట్ల మధ్య దూది బిగిస్తే, ఆవిరి కావాల్సిన రసాన్ని పీల్చదు; వదులైతే రసం కారుతుంది. ఆ కొలత ఆమె వేళ్ళకు తెలుసు. వసంతంలో ఆమె పోయాక దూది ఎన్నిసార్లు మారినా తీగ మారలేదు.

సుహ్యాంగ్ మాడిన దూదిని లాగేసింది. తీగను ఎర్రగా కాలిస్తే పట్టిన మసి రాలుతుంది. "మీట ఒక్క క్షణం నొక్కి వదిలెయ్యి బాబాయ్" అంటూ గొట్టాన్ని అతని చేతికే ఇచ్చింది.

చుట్లు నడిమి నుంచి ఎర్రబడ్డాయి. మసి రాలి, బోంగ్‌రే చుట్టిననాటి నునుపు బయటపడింది. ఇంకాస్త చూద్దామని కిసొక్ మీట మీది వేలు తీయలేదు.

"వదులు బాబాయ్!"

మరమేకు కింద బిగించిన తీగ కొస పుటుక్కున తెగింది.

సుహ్యాంగ్ కసురుకోలేదు. రెండో కొస విరగకుండా మరమేకును మెల్లగా వదులుచేసి, తీగను అతని అరచేతిలో పెట్టింది.

"సూది మీద ఎనిమిది చుట్లేగా? అచ్చం అలాగే చుడతాను."

"నువ్వు చుట్టగలవు తల్లీ. నాకే ఇక పీల్చాలని లేదు."

అతను గుప్పిట మూశాడు. తీగ అప్పటికే చల్లారిపోయింది.