నరేందర్ జుట్టు

రాయదుర్గం మెట్రో కింద చాయ్ బండి దగ్గర నరేందర్ హెల్మెట్ తీశాడు. రసజ్ఞ ముంచిన ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లోనే విరిగి పడింది.

నిన్నటిదాకా నుదుటి మీద పడే ఉంగరాల జుట్టు లేదు. నున్నటి నడినెత్తి, చెవుల పైన సన్నటి నల్ల అంచు.

"విగ్గా?" అంది.

"ప్యాచ్ అంటరు. జిగురుతోని అంటిస్తరు. నెలకోసారి సర్వీసింగ్, నా బండి లెక్క. మీ ఇంట్ల పెండ్లి మాట ఎత్తకముందే నీకు చెప్పాలె కదా. జర మంచిగ చూసుకో."

రసజ్ఞకు నవ్వొచ్చింది. "ఇంతేనా? ఏదో చెప్పాలి రమ్మంటే, నీకు పెళ్లయిపోయిందేమోనని పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు."

మియాపూర్ వెళ్లే రైల్లో ఆమెకు తన మీద తనకే ముద్దొచ్చింది. రెండేళ్లుగా ఆఫీసులో పక్క సీట్లో కూర్చుని, మేనేజర్ చివాట్లు పెట్టిన రోజు కూడా నవ్వించిన మనిషి. ఆ మాటలకే కదా మనసు పడింది. జుట్టుదేముంది?

ఆ తర్వాత కూడా అతని మాటలు మారలేదు. ఫోన్లో అతను మాట్లాడుతుంటే ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వేది. ప్యాచ్ లేకుండా ఎదురుగా వచ్చి కూర్చున్నాడంటే మాత్రం బాబాయి పక్కన కూర్చున్నట్టే ఉండేది. చెయ్యి తగిలితే మునుపు ఒళ్లంతా పాకే వెచ్చదనం ఎక్కడికి పోయిందో తెలియలేదు. వెతుక్కుంది. కళ్లు మూసుకుని కూడా చూసింది.

"మనిషి మంచివాడే, మాటా మంచిదే. ఇంకేం కావాలి నాకు?" అంది గదిలో ఉండే దివ్యతో.

"మరి ఏడుస్తావేంటే?" అంది దివ్య.

ఆదివారం దుర్గం చెరువు దగ్గర చినుకులు మొదలయ్యాయి. నిమ్మకాయ, ఉప్పూకారం రాసిన వేడి మొక్కజొన్న కంకులు తెచ్చాడు నరేందర్. ఆమె చెంప మీది చినుకు తుడవబోయాడు. ఆమె గబుక్కున బ్యాగులో చెయ్యి పెట్టి వెతకసాగింది.

"ఏంది?"

"ఫోన్."

"చేతిలనే ఉంది."

ఇద్దరూ ఆ ఫోన్ వైపే చూశారు. రసజ్ఞకు ఏడుపొచ్చింది.

"నువ్వంటే ఇష్టమే నరేందర్. ఒట్టు."

"ఎరుకే. అందుకే ఏడుస్తున్నవ్."

నున్నటి నెత్తి మీది చినుకులు అరచేత్తో తుడుచుకున్నాడు.

"ఇగ మళ్ల పెట్టుకోమంటవా?"

అందులో వేళాకోళం లేదు. వద్దు అంటుందేమోనని ఆశ ఉంది. అందామనే ఆమె నోరు తెరిచింది. ఆ ఉంగరాల జుట్టు కళ్లముందు మెదిలింది. ఎన్నాళ్లకో ఒళ్లు వెచ్చబడింది, అడగకుండానే, సిగ్గు లేకుండా. పెదవుల మీదికి నవ్వు కూడా వచ్చేసింది.

నరేందర్ ఆమె ముఖమే చూస్తున్నాడు. దాచుకునేంత వ్యవధి లేకపోయింది.

"సరే," అన్నాడు. చల్లారిన కంకి తినడం మొదలుపెట్టాడు.

నవ్వించడానికి ఏమన్నా అంటాడేమోనని రసజ్ఞ ఎదురుచూసింది. అతను కంకి పూర్తి చేసి హెల్మెట్ పెట్టుకున్నాడు.