ఆవని దగ్గరి వీరగల్లు

సోమవారం ఉదయం 10.20కి మునివెంకటమ్మ కేజీఎఫ్‌లోని కళా మ్యూజియం గేటు ముందు మూట పెట్టుకొని కూర్చుంది. ఆ రోజు మ్యూజియానికి సెలవు. ఆమె మొగుడు చిన్నవెంకటప్ప పోయి పదకొండో రోజు.

మూటలో రాగిముద్ద, అనపగింజల సారు ఉన్నాయి. పోయినవాడికి పెట్టే ఎడ అది. పొద్దు దిగేలోగా దాన్ని వంశం వీరగల్లు ముందు పెట్టాలి. ఏనాడో పోరులో పడిపోయిన పెద్దాయన గుర్తుగా ఆవని ఊరి దగ్గర వాళ్ళ చేనులో నిలబెట్టిన రాయి. అక్కడ ఎడ పెట్టకపోతే పోయినవాడు పెద్దల్లో కలవడని ఆ ఇంటి నమ్మకం.

రాయి ఇప్పుడు మ్యూజియం లోపల ఉంది. మూడేళ్ళ కిందట చిన్నవెంకటప్ప ఆసుపత్రిలో ఉన్నప్పుడు మ్యూజియం వాళ్ళు వచ్చారు. ఎండావానా తగలకుండా చూసుకుంటామన్నారు. రాయి ఇచ్చే కాగితం మీద వేలిముద్ర వేసింది మునివెంకటమ్మే. తిరిగొచ్చాక అతను తిట్టలేదు. "నా ఎడ మాత్రం దాని ముందరే పెట్టు" అన్నాడు.

"నిన్న రావాల్సింది కదమ్మా. సోమవారం లోపలుండే దేవుళ్ళకూ లీవే," అన్నాడు కాపలా మనిషి మునిశంకర్.

"సచ్చినోనికి యాడుండాది లీవు? పదకొండో దినం ఈ పొద్దే కదప్పా."

మునిశంకర్ నవ్వు ఆపుకున్నాడు. "ఈ రాళ్ళు వెనక రేకుల షెడ్డులో ఉన్నప్పుడు ఎవురన్నా వచ్చి నూనె పోసి పోతా ఉండ్రి. కొత్త హాలు కట్టినాక అవి శిల్పాలైపోయినాయి. నన్నే ముట్టనియ్యరు."

తాళం మ్యూజియం అధికారి అనఘ దగ్గర ఉంది. ఆమె బెంగళూరులో మీటింగులో ఉంది. మునిశంకర్ నాలుగోసారి చేస్తే ఫోన్ ఎత్తింది. 5.50కి వచ్చింది.

"కర్పూరం వెలిగించొద్దవ్వా. ముద్ద పెట్టుకోండి," అని తలుపు తీసింది.

లైట్ల కింద పదకొండు రాళ్ళు వరుసగా ఉన్నాయి. మునివెంకటమ్మ ఆ చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది.

"మాది యాడమ్మా?"

"మీ రాయి మీకు తెలీదా?"

"మాది నల్లగా ఉండాది."

తరతరాల నూనె, పసుపు పేరుకున్న పొర కింద ఏం చెక్కి ఉందో ఆమె ఎన్నడూ చూడలేదు. మూడు నెలలు దగ్గరుండి ఆ పొరలు తీయించింది అనఘే. ఇప్పుడు ప్రతి రాయి మీదా కత్తి ఎత్తిన మనిషి కనిపిస్తున్నాడు. నాలుగు రాళ్ళ చీటీల మీద "ఆవని పరిసరాలు" అని ఉంది.

"మా దానికి వీపున కొడవలి నూరిన గాడి ఉండాది. చెయ్యి పెట్టి చూస్తా."

"వెనకంతా గోడలోకి సిమెంటు చేశారవ్వా."

"తెచ్చిన దినం ఫొటో తీసినారు కదమ్మా?"

"బెంగళూరు ఆఫీసులో ఉంది. ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తట్లేదు."

6.08కి కిటికీ బయట, బంగారు గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద ఎండ కొనకు చేరింది. మునివెంకటమ్మ కింద కూర్చొని, ఆవని చీటీ ఉన్న నాలుగు రాళ్ళకూ ఒక్కొక్కటిగా ముద్దను నాలుగు చేసింది. ముద్ద పెట్టే ముందు ఏడు తరాల పెద్దల పేర్లు చెప్పాలి. మొదటి రాయి దగ్గర చెప్పింది. రెండో రాయి దగ్గర అయిదో పేరు తప్పి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మూడో దగ్గర తొందరపడింది.

6.24కి పొద్దు దిగింది. మూడు రాళ్ళ ముందు ముద్దలు ఉన్నాయి. నాలుగోది ఆమె చేతిలో ఉంది.