నిలవని నురగ

ముప్ఫై ఏళ్ళు ఊరందరి మరకలూ చూసిన మనిషికి ఒక పాడు అలవాటు అంటుకుంటుంది. ఏది కంటబడ్డా "ఇందులో ఏముంది?" అని ఆరా తీయకపోతే నిద్రపట్టదు. మన లాండ్రీ ఆవిడకి ఆ జబ్బు మొదటినుంచీ ఉంది. రెండో జబ్బు నిరుడు వచ్చింది. మెడ పక్కన గోలీకాయంత గడ్డ తేలితే పంటి వాపు కాబోలని మూడు నెలలు నాన్చింది. తీరా చూపించుకుంటే లింఫోమా అన్నారు, అంటే ఒక రకం రక్త క్యాన్సర్. "ఇన్నాళ్ళూ ఇంకొకళ్ళ మురికి వదిలించాను, నా ఒంట్లోది ఎవరు వదిలిస్తారో చూద్దాం" అంది కూతురితో. కూతురు ఏడ్చింది, ఈవిడ నవ్వింది, కాసేపటికి ఇద్దరూ ఏడ్చారు.

ఆసుపత్రిలో ఒక పరిశోధన నడుస్తోంది. చేరినవాళ్ళందరికీ మామూలు చికిత్స ఎలాగూ ఇస్తారు. దానిపైన మూడు వారాలకోసారి ఇంకో సంచి ఎక్కిస్తారు. కొందరి సంచిలో కొత్త మందు, కొందరి సంచిలో వట్టి ఉప్పునీళ్ళు. ఎవరికి ఏదన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. రోగికి చెప్పరు, నర్సుకి చెప్పరు, చివరికి డాక్టరమ్మకి కూడా చెప్పరు. కింది అంతస్తులో సంచులు తయారుచేసే మందుల సారొక్కడికే తెలుసు.

"అయితే మీకూ తెలియదా?" అని లాండ్రీ ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది.

"తెలియదమ్మా. తెలియకూడదు. మీకు వద్దనిపిస్తే ఎప్పుడైనా మానేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు" అంది డాక్టరమ్మ.

నాకు తెలియదు అని ఒక డాక్టరు నోటితో వినడం ఆవిడ జన్మలో అదే మొదలు. ఆ ముచ్చటకే సగం సంతకం పెట్టేసింది.

మందులు ఎక్కించే గదిలో ఏడు వాలుకుర్చీలు వరసగా ఉంటాయి. ఆవిడ వచ్చే రోజున వాటిలో కూర్చునే ఏడుగురూ పరిశోధనలో చేరినవాళ్ళే. ఆవిడది కిటికీ పక్కది. దాని పక్క కుర్చీలో స్కూలు బస్సు డ్రైవరు. ఆయనదీ లింఫోమాయే, ఆయన వచ్చేదీ అదే రోజు. మొదటి అరగంటలోనే ఈవిడని చెల్లెమ్మని చేసేసుకున్నాడు. మంచివాడే, ఎటొచ్చీ నోట్లో నువ్వుగింజ నానదు. తన కుటుంబం సంగతులూ బస్సు బ్రేకుల సంగతులూ ఏడు కుర్చీలకీ వినిపిస్తాడు.

రెండోసారి వచ్చినప్పుడు కదా ఆవిడ కన్ను పడింది. లోపలి నీళ్ళు కనబడకుండా సంచులన్నిటికీ నారింజరంగు తొడుగులు వేసి పంపుతారు. కానీ సంచి కింద, చుక్క చుక్కా పడే చిన్న ప్లాస్టిక్ బుడ్డి ఉంటుంది చూడండి, దానికి తొడుగు లేదు. గాలిబుడగలు పోవాలని నర్సు ఆ బుడ్డిని గోటితో టకటకా కొట్టింది. డ్రైవరు బుడ్డిలో అంచు చుట్టూ సన్నటి నురగ కట్టి, గంట గడిచినా అలాగే ఉంది. తన బుడ్డిలో బుడగలు లేచినట్టే లేచి చిట్లిపోయాయి.

నురగ సంగతి లాండ్రీ ఆవిడకి ఒకళ్ళు చెప్పాలా! ఇంటికి వెళ్ళగానే ఒక సీసాలో ఉప్పునీళ్ళు పోసి గిలకొట్టింది. అయిదు లెక్కపెట్టేలోపు బుడగలు మాయం. ఇంకో సీసాలో సబ్బుపొడి చిటికెడు వేసి గిలకొడితే నురగ అలాగే కూర్చుంది. నీళ్ళలో ఉప్పు కాక ఇంకేదైనా కలిస్తేనే నురగ నిలుస్తుంది. సబ్బే కానక్కర్లేదు, గంజి నీళ్ళకీ నిలుస్తుంది. కూతురు వచ్చి "వంటింట్లో ఏంటమ్మా ఈ ప్రయోగాలు?" అని కోప్పడింది. "పరిశోధనలో చేరానుగా మరి" అని కొట్టిపారేసింది.

మూడోసారి బాత్రూము వంకతో సంచి వేలాడే కడ్డీని తోసుకుంటూ గదంతా రెండు చుట్లు తిరిగింది. దొంగచూపులు చూస్తూ లెక్కపెట్టింది. నాలుగు బుడ్లలో నురగ నిలిచింది, మూడింట్లో నిలవలేదు. పొడుపుకథ విప్పినంత సంబరంతో వచ్చి కుర్చీలో కూర్చుంది. తల ఎత్తి తన బుడ్డి చూసుకుంది. అప్పుడు తట్టింది. తను ఆ ముగ్గురిలో మనిషి. రెండు బస్సులు మారి వచ్చి, పొద్దంతా కూర్చుని ఎక్కించుకుంటున్నది ఉప్పునీళ్ళు! ఎవరిమీదో తెలియని కోపం వచ్చింది. మళ్ళీ బాత్రూముకి వెళ్ళింది, ఈసారి వంక కాదు, ఏడవడానికే వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి డ్రైవరు గొంతు తగ్గించి, అంటే నాలుగు కుర్చీలకి మాత్రమే వినబడేలా, "చెల్లెమ్మా, నేను మానేస్తున్నా" అన్నాడు.

"అదేంటన్నయ్యా?"

"నాకు జ్వరం లేదు, వాంతి లేదు, దద్దురు లేదు. కొత్త మందైతే ఏదో ఒకటి చెయ్యాలా వద్దా? నాకు పోసేది నీళ్ళే. మామూలు చికిత్స మా ఇంటి దగ్గరే చేస్తారు. ఈసారికి కానిచ్చి, వచ్చేసారి వాళ్ళకి చెప్పేసి వెళ్ళిపోతా."

ఆయన నెత్తిమీద బుడ్డిలో నురగ తెల్లగా కూర్చుని ఉంది. లాండ్రీ ఆవిడ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

ఆ మూడు వారాలూ ఆవిడకి తిండి సయించలేదు. చెబితే ఆయన ఊరంతా టముకు వేస్తాడు. ఏడు కుర్చీలకీ తెలుస్తుంది, నీళ్ళవాళ్ళు లేచి వెళ్ళిపోతారు, డాక్టరమ్మ ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. చెప్పకపోతే, ఆ మనిషి చేతికందిన మందుని తనే కాలదన్నుకుంటాడు. రేపు ఆయనకేదైనా అయితే ఆ పాపం ఎవరిది? తను నోరు మూసుకున్నందువల్లే కదా! ముందు నుయ్యి వెనక గొయ్యి.

నాలుగోసారి గంట ముందే వెళ్ళి డాక్టరమ్మ గది తలుపు తట్టింది. "డాక్టరమ్మా, మీ పరిశోధనకి చిల్లు పడింది" అంటూ బుడ్డి సంగతీ, సీసాల సంగతీ చెప్పింది.

డాక్టరమ్మ ముందు కుర్చీ అంచుకి జరిగి ఆసక్తిగా వింది. "గదిలో ఏడుగురిలో..." అని ఈవిడ మొదలెట్టగానే ఒక్క ఉదుటున లేచి రెండు చెవులూ మూసుకుంది.

"ఆగండాగండి! ఎవరిదేంటో నాకు చెప్పొద్దు!"

"అదేంటమ్మా, మీ పరిశోధనేగా?"

"నాది కాబట్టే చెప్పొద్దంటున్నా. ఎవరికి మందో తెలిస్తే వాళ్ళని నేను చూసే చూపు మారిపోతుంది. వాళ్ళ స్కాన్‌లో గడ్డ తగ్గినట్టే కనబడుతుంది. నా కళ్ళని నేనే నమ్మలేను."

అంత చదువుకున్న మనిషి చిన్నపిల్లలా చెవులు మూసుకుని నిలబడితే లాండ్రీ ఆవిడకి నవ్వొచ్చింది. కానీ అడగాల్సింది అడిగింది. "సరే, ఒక్క మాట. మందు పడ్డవాళ్ళు బతుకుతారు, నీళ్ళవాళ్ళు పోతారు. అంతేగా?"

డాక్టరమ్మ మెల్లగా చేతులు దించింది. "అంతేనని ఎవరు చెప్పారమ్మా మీకు? మందు మేలు చేస్తుందని ముందే తెలిస్తే నీళ్ళెందుకు పోస్తాను, అందరికీ అదే పొయ్యనూ? మేలు చెయ్యొచ్చు, ఏమీ చెయ్యకపోవచ్చు, కీడే చెయ్యొచ్చు. ఆ ఏడు కుర్చీల్లో అదృష్టవంతులెవరో నాకు నిజంగా తెలియదు. కిందికెళ్ళి మందుల సారుతో చెప్పండి, ఆయనైతే వినొచ్చు."

మందుల సారు గాజు కిటికీ వెనక నిలబడి అంతా విన్నాడు. వింటుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అక్కడికక్కడే కొత్త మందు సీసా ఒకటి తీసి గిలకొట్టి, వెలుగుకి పెట్టి చూశాడు. "ఏడాదిన్నర నుంచి సంచికి తొడుగులేసి మురిసిపోతున్నానమ్మా. బుడ్డి సంగతే తట్టలేదు. ఇప్పుడే అన్నిటికీ తొడుగు వేసి పంపుతాను. పైవాళ్ళకీ రాసి పంపాలి."

"నా బుడ్డిలో నురగ నిలవదు సారూ" అంది ఆవిడ.

"నేను అవుననీ అనను, కాదనీ అనను" అన్నాడు, ఆకుకు అందకుండా పోకకు పొందకుండా. కానీ చిరిగిన చొక్కా తెచ్చి "ఇది ముందే చిరిగుందా?" అని అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళ మొహాలు ముప్ఫై ఏళ్ళు చదివిందావిడ. ఆ మొహమూ చదివింది. ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

"మీకు మానేయాలనిపిస్తే మానేయొచ్చమ్మా" అన్నాడాయన మెత్తగా.

"మాలాంటి వాళ్ళందరం మానేస్తే?"

"ఏమీ తేలదు."

"అది నాకూ తెలుసులెండి. మా కొట్టుకి కొత్త మరకల మందు అమ్మేవాళ్ళు వస్తుంటారు. మరకలో సగం మీద వాళ్ళ మందు రాస్తాను, సగం మీద వట్టి నీళ్ళు పోస్తాను. ఆ నీళ్ళ సగం లేకపోతే, పోగొట్టింది మందో నా చేతి రుద్దుడో ఎలా తెలుస్తుంది?" గడగడా అనేసి ఆగిపోయింది. ఈసారి ఆ నీళ్ళ సగం తనే. "వస్తాను సారూ" అని మెట్లెక్కింది.

పైన డ్రైవరు భుజానికి సంచి తగిలించుకుని కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. నర్సు ఏమీ బలవంతం చెయ్యకుండా, మానేసేవాళ్ళు నింపాల్సిన కాగితం వెతుకుతోంది. ఏడు బుడ్లకీ అప్పుడే నారింజరంగు తొడుగులు వచ్చేశాయి.

"వచ్చావా చెల్లెమ్మా! నీకోసమే ఆగా. నువ్వూ లేచి రా, పోదాం. ఈ నీళ్ళకోసం ఎన్నాళ్ళు తిరుగుతాం?"

ఆవిడ తన కుర్చీలో కూర్చుంది. "నేను రాను."

"సరే, ఒక్కటి చెప్పు. నీకు పోసేది ఉప్పునీళ్ళేనని రూఢిగా తెలిసిందనుకో. అప్పుడు కూడా వస్తావా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి ఆ గదిలో తనొక్కతే.

"వస్తానన్నయ్యా."

"ఎందుకూ?"

"కొత్త మందు పనిచేస్తుందో లేదో నాకు తెలుసుకోవాలనుంది. అందరం లేచి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. నీ ఇష్టం నీది, నిన్నేమీ అనను. నేనైతే వస్తా."

డ్రైవరు తలుపు వైపు చూశాడు, తన కుర్చీ వైపు చూశాడు. తర్వాత భుజాన ఉన్న సంచి కింద పెట్టి, "సరేలే, ఈ ఒక్కసారికి" అని గొణుక్కుంటూ కూర్చున్నాడు. నర్సు కాగితం సొరుగులో పడేసింది.

"అయినా నీకేం చెల్లెమ్మా! నీది అసలు మందే అయ్యుంటుంది. అందుకే అంత ధైర్యం" అన్నాడు వెనక్కి వాలుతూ.

ఆవిడ నవ్వి నర్సుకి చెయ్యి చాపింది. సూది దిగుతున్నప్పుడు మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుంది.